గీత దాటని జ్వరం

గేటు దగ్గర నర్సు పిల్ల నుదుటికి పిస్తోలు లాంటిది గురిపెట్టి టిక్కుమనిపించి, "తొంభై ఏడు పాయింట్ తొమ్మిది, జ్వరమేం లేదు, లోపలికెళ్ళండి" అన్నప్పుడే పిల్ల తల్లికి ఆ పిస్తోలు మీద అనుమానం వచ్చింది. ఎండలోంచి నడిచొచ్చిన నుదురు, చెమటైనా తుడవలేదు, ముంగురులు అడ్డం పడుతున్నాయి, బెత్తెడు దూరంలో పెట్టాల్సినదాన్ని మూరెడు దూరం నుంచి కొట్టింది. దీన్నెవరు పరీక్ష చేశారు, ఎప్పుడు చేశారు, ఏ తొట్టిలో, ఏ పెద్దమ్మ పక్కన నిలబెట్టి? అడగబోయి నోరు మూసుకుంది. ఈ ఇరవై రోజుల్లో తను అడిగినవన్నీ అడగకూడనివి, అడగవలసిందేమో ఒక్కటీ అడగలేదు. ఇప్పుడిక్కడ నర్సును పట్టుకుని నిలదీసి ఏం లాభం? రిపోర్టు రావడానికి గంట పడుతుందన్నారు. గంటంటే వీళ్ళ గోడ గడియారం ప్రకారమా, తన చేతి వాచీ ప్రకారమా? రెంటికీ నాలుగు నిమిషాలు తేడా ఉంది, ఏది అబద్ధమాడుతోందో తెలియదు. బెంచీ మీద అత్తగారు ఆ చివర, తను ఈ చివర, మధ్యలో పిల్ల. తల నాయనమ్మ ఒళ్ళో, పాదాలు తల్లి ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. పదేళ్ళ పిల్ల, ఇంట్లో అందరూ ఉడత అని పిలిచే పిల్ల, ఇలా మధ్యాహ్నం పూట బెంచీల మీద నిద్రపోయే పిల్ల కాదు. పాదాలు చల్లగా ఉన్నాయి. మెడ పక్కన చిన్న తెల్లటి పట్టీ. ఐదు రోజుల కిందట అక్కడే సూది గుచ్చి గడ్డలోంచి ఏదో లాగారు. దాని కబురు కోసమే ఈ గంట.

అనుమానించడం ఆమె ఉద్యోగం. పన్నెండేళ్ళుగా థర్మామీటర్ల ఫ్యాక్టరీలో పరీక్ష గదిలో కూర్చుంటోంది. ఎప్పుడూ ఒకే వేడి మీద ఉండే నీళ్ళ తొట్టి, అందులో ముప్ఫైకి ముప్ఫై గాజు థర్మామీటర్లు తలకిందులుగా దించిన చట్రం, వాటి నడుమ ఎక్కడి నుంచో ముద్ర వేయించుకుని, పత్రం రాయించుకుని వచ్చిన పొడుగాటి థర్మామీటరు. దాని పేరు పెద్దమ్మ. పత్రంలో వేరే పేరేదో ఉంది గానీ, గదిలో ఆడవాళ్ళందరికీ అది పెద్దమ్మే. మూడు నిమిషాలు ముంచి, తీసి, భూతద్దం కింద ఒక్కొక్కటే చదవాలి. పెద్దమ్మ మాటతో రెండు సన్నగీతల కంటే తేడా వస్తే పక్కన బుట్టలోకి. "మన జీతమే అనుమానానికమ్మా" అంటాడు సూపర్వైజరు, "నమ్మిన రోజున మనం ఇంటికే." పక్క బల్ల మీద గాజుకు ఎర్ర గీత అద్దే ఆవిడ, గీతలమ్మ, ఊరుకోదు. "ఈవిడ ఇంట్లో మొగుణ్ణి కూడా తొట్టిలో ముంచి తీసి చూస్తుందంటండీ, తేడా వస్తే బుట్టలోకే" అని అందరినీ నవ్విస్తుంది. తనూ నవ్వుతుంది. కానీ తేడా చూడకుండా ఏదీ నమ్మలేదు. కూరగాయల తక్కెడా, పాలవాడి కొలతా, పిల్లల కడుపునొప్పీ. ఆ గదిలో అనుమానించకూడనివి రెండే. ఒకటి పెద్దమ్మ, రెండోది గీతలమ్మ అద్దే ఎర్ర గీత, తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. గదిలో తొంభైని మింగేసి ఎనిమిదీ ఆరు అంటారు. చేరిన కొత్తలో ఒకసారి అడిగింది, గీత అక్కడే ఎందుకండీ అని. "డ్రాయింగులో అక్కడే ఉంది కనక" అన్నాడు సూపర్వైజరు. బాగానే ఉందనుకుంది. అంతకంటే పెద్ద డ్రాయింగు ఒకటి ఉందనీ, అది గీసినవాడు పైన ఉన్నాడనీ ఆమె నమ్మకం. రాజుకీ ఎనిమిదీ ఆరే, రోడ్డు ఊడ్చేవాడికీ ఎనిమిదీ ఆరే. రంగులో తేడా పెట్టాడు, రాతలో తేడా పెట్టాడు, వేడి మాత్రం అందరికీ సమంగా పోశాడని పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ గీత గుర్తొచ్చి మనసు చల్లబడేది.

ఉడత పాదం ఒకటి ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకుంది. కలగంటోంది కాబోలు. ఈ పిల్ల మీద నమ్మకం పోయింది ఇప్పుడు కాదు, నిరుడు లెక్కల పరీక్ష నాడు. పొద్దున్నే ఒళ్ళు కాలిపోతోందని ముసుగు తన్నింది. తను థర్మామీటరు చంకలో పెట్టి వంటింట్లోకి వెళ్ళి వచ్చి చూస్తే నూట ఏడు. నూట ఏడున్న పిల్ల దుప్పటి అంచులోంచి తల్లి మొహం ఎలా ఉందా అని ఒంటికంటితో చూస్తోంది. మంచం కింద వేణ్ణీళ్ళ గ్లాసు. ఎవరింట్లో దొంగతనం, ఎవరి దగ్గర! థర్మామీటర్లకు అత్తారింటి దారి చూపించే మనిషి దగ్గరా? దాన్ని విదిలించి, మళ్ళీ చంకలో పెట్టి, ఈసారి పక్కనే కాపలా కూర్చుని, ఐదు నిమిషాలు చూసి, అసలు అంకె పైకి చదివి పిల్ల మొహాన కొట్టింది. పరీక్షకు పంపింది. అత్తగారు గుమ్మంలో నిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "తెలివైందే అమ్మాయ్, నూట రెండు దగ్గర ఆపడం తెలీలేదు గానీ" అంది. ఆ నవ్వు చూసే తనకు అనుమానం, గ్లాసులో నీళ్ళు కాచి పోసింది ఈవిడేనేమోనని. ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు అడిగితే చెబుతుందా? బెంచీ ఆ చివర కళ్ళు మూసుకుని, పెదాలు మాత్రం కదుపుతూ, ఏ దేవుడితోనో బేరం పెట్టినట్టుంది. అడగబుద్ధి కాలేదు.

అందుకే ఇరవై రోజుల కిందట బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి గచ్చు మీద పడుకుని, "అమ్మా, ఒళ్ళంతా అదోలా ఉంది" అంటే ముందు మంచం కింద చూసింది తను. గ్లాసు లేదు. థర్మామీటరు పెట్టింది, ఫ్యాక్టరీలో తనే మూడుసార్లు ముంచి తీసి ఏరి తెచ్చుకున్నది, తన మీద కంటే తనకు దాని మీదే ఎక్కువ నమ్మకం. ఎనిమిదీ నాలుగు. గీత దాటలేదు. మర్నాడు ఎనిమిదీ ఆరు. గీత మీదే. ఒకనాడు ఎనిమిదీ ఎనిమిది వచ్చింది గానీ సాయంత్రం పూట కాస్త పెరగడం మామూలే. లారీ మీద వెళ్ళిన ఆయన రోజూ ఫోన్ చేసి మొట్టమొదట అడిగే మాట, "ఎంతుంది?" చెబితే, "అయితే లేనట్టే" అని పెట్టేసేవాడు. నోటుబుక్కులో తేదీ, టైము, అంకె, మూడు గళ్ళు గీసుకుని అన్నీ రాసింది. ఆ పుస్తకం చూస్తే ఎంత ముచ్చటేసేదో! ఒక్క కొట్టివేత లేదు. పిల్ల మీద నేరం రుజువు చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? అత్తగారేమో రోజూ సాయంత్రం పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే, "వెచ్చగా ఉందే అమ్మాయ్" అనేది. "మీ చెయ్యి చల్లన అత్తయ్యా, మీకు లోకమంతా వెచ్చగానే ఉంటుంది" అనేది తను. "థర్మామీటరు పుట్టకముందు కూడా లోకంలో జ్వరాలొచ్చాయే తల్లీ!" "వచ్చాయి, పోయారు కూడా, అందుకే కనిపెట్టారు." అలా మాటకు మాట. అత్తా మనవరాలూ జట్టు కట్టారనీ, బడిలో ఏదో జరిగిందనీ, ఎవరితోనో గొడవనీ, టీచరు కొట్టిందేమోననీ, కొట్టినా చెప్పకుండా జ్వరం వంక పెడుతోందనీ ఆమె అనుమానం చుట్టూ చుట్టూ తిరిగి ఇంట్లో అందరినీ వాసన చూసింది, పిల్ల ఒంటిని తప్ప. పది రోజుల తర్వాత ఉడత అదోలా ఉందనడం మానేసింది. వచ్చి, గోడ వైపు తిరిగి పడుకునేది, అంతే. చూశావా, దొంగ దొరికిపోయింది, నాటకం కట్టేసింది అనుకుని తను ఆ రాత్రి హాయిగా అన్నం తిన్నది. నిజం చెప్పీ చెప్పీ విసుగెత్తిన వాళ్ళు కూడా ఊరుకుంటారని పదేళ్ళ పిల్లను కన్న తల్లికి తెలియకపోవడమేమిటి?

జడ వేస్తుంటే చేతికి తగిలింది గడ్డ, చెవి కింద, బఠాణీ గింజంత. నొప్పా అంటే కాదంది. దోమ కుట్టిందేమో అనుకుంది. మూడు రోజులకు బఠాణీ కాస్తా కుంకుడుగింజయింది. ఈ డాక్టరమ్మ దగ్గరికి తెస్తే, ఆవిడే చిన్నపిల్ల, చదువు ముగిసి నిన్నగాక మొన్న కుర్చీలో కూర్చున్నట్టుంది, నమ్మడమెలా? జ్వరం ఉందా అని అడిగింది. లేదండీ, అని ఠక్కున పుస్తకం తీసి ముందు పెట్టింది తను, కోర్టులో కాగితం పెట్టినట్టు. డాక్టరమ్మ పేజీలు తిప్పి, "భలే రాశారే!" అంది. మెచ్చుకుందో ఎగతాళి చేసిందో తెలియలేదు. తర్వాత, "మరి ఈ పాప బాగున్నప్పుడు ఎంతుండేది?" అంది.

"బాగున్నప్పుడు ఎవరు చూస్తారండీ?"

అనేసింది. అంటుండగానే తన మాట తనకే అదోలా వినిపించింది. పరికరాన్ని పెద్దమ్మ పక్కన పెట్టకుండా మంచిదో చెడ్డదో చెప్పమంటే ఒప్పుకోని మనిషి తను. అయినా బింకం పోలేదు, "ఎవరికైనా ఎనిమిదీ ఆరే కదండీ" అంది. అప్పుడు డాక్టరమ్మ కథ మొదలుపెట్టింది. కథే అనుకుంది తను. ఎప్పుడో నూట యాభై ఏళ్ళ కిందట ఒకాయన వేలమంది చంకల్లో థర్మామీటర్లు పెట్టి సగటు కట్టాడట. అప్పటి వాళ్ళ సగటది. అప్పటి నుంచీ మనుషులు మెల్లమెల్లగా చల్లబడుతున్నారట, తరం వెనక తరం, రవ్వంత రవ్వంత. ఇప్పటి వాళ్ళు చాలామంది ఏడున్నరకీ ఎనిమిదికీ నడుమ ఉంటారట, అదీ మనిషికొక తీరట, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీనట. "ఆ పాతకాలం థర్మామీటర్లే తప్పుడువేమోనండీ" అంది తను, అనుమానం ఊరుకోదు కదా. డాక్టరమ్మ నవ్వి, "కొందరు అదే అన్నారు. కానీ తర్వాత మంచి పరికరాలతో చూసిన ఏళ్ళల్లో కూడా తగ్గుతూనే ఉందట" అంది. ఎందుకు తగ్గిందో ఖాయంగా ఎవరికీ తెలియదట. అప్పట్లో పుచ్చిన పళ్ళు, మానని పుళ్ళు, ఏళ్ళ తరబడి దగ్గులు, క్షయ, పైకి బాగానే తిరుగుతున్న మనుషుల ఒళ్ళల్లో కూడా ఏదో ఒక మూల నిప్పు రగులుతూనే ఉండేదనీ, ఆ నిప్పును కూడా కలిపి లెక్క కట్టి మామూలు అనుకున్నారనీ కొందరంటారట. "మీ పాపది పాతకాలపు వేడిలా ఉందమ్మా, సూదితో తీసి చూద్దాం" అంది. పాతకాలపు వేడి! ఆ మాట విని వెనక నిలబడ్డ అత్తగారు చిన్నగా దగ్గింది. ఆ దగ్గులో, చెప్పానా, అన్న మాట ఉందో లేదో ఇప్పటికీ అనుమానమే.

నమ్మలేదు. నమ్మితే తను ఇన్నాళ్ళూ చేసిందేమిటో ఒప్పుకోవాలి. మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళి ముందు పెద్దమ్మనే అనుమానించింది, పన్నెండేళ్ళలో మొదటిసారి. భోజనాల బెల్లు కొట్టాక తలుపు దగ్గరకి వేసి, కరుగుతున్న మంచుముక్కల్లో పెద్దమ్మను దించింది. మంచు అబద్ధమాడదు. పెద్దమ్మ కూడా ఆడలేదు, మంచు గీత ముప్ఫై రెండు దగ్గర గుడిమెట్టెక్కినట్టు నిలబడింది. తర్వాత వెళ్ళి గిన్నెలు విప్పుకుంటున్న ఆడవాళ్ళందరి చంకల్లో ఒక్కొక్క థర్మామీటరు పెట్టింది. "ఏమే, ఇప్పుడు మమ్మల్ని కూడా బుట్టలో వేస్తావా?" అంది గీతలమ్మ, అయినా చెయ్యెత్తింది. ఏడూ రెండు, ఏడూ ఆరు, ఏడూ నాలుగు, ఏడూ ఎనిమిది. పదకొండు మందిలో ఎనిమిదీ ఆరు వచ్చింది ఒక్క గీతలమ్మకే. "చూశారా, అచ్చంగా గీత మీదున్నది నేనొక్కదాన్నే, మీరంతా తుక్కు!" అని ఆవిడ మురిసిపోతుంటే, బుగ్గ ఉబ్బి ఉంది. పన్ను చీము పట్టి నాలుగు రోజులట, అన్నం కూడా ఒక పక్కనే నములుతోంది. ఆ బుగ్గను చూస్తూ తను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. రోజుకు ఎన్ని వందల గీతలు అద్దుతుంది ఈ చెయ్యి! ఇంటికొచ్చి అత్తగారికి పెట్టింది, ఏడూ ఒకటి. తనకు పెట్టుకుంది, ఏడూ నాలుగు. ఆయన వచ్చాక ఆయనకు పెట్టింది, ఏడూ ఆరు. "నాకెందుకే, నాకేం రోగం?" అన్నాడాయన. అందుకే, అంది తను.

అయితే గీత ఎవరిది? దేవుడు గీసింది కాదా? ఎవరో ఒకాయన, గడ్డమో కళ్ళద్దాలో ఉండే ఉంటాయి, దగ్గే వాళ్ళనీ మూలిగే వాళ్ళనీ మూలగని వాళ్ళనీ కలిపి కూడి భాగిస్తే వచ్చిన గీతనా తను పొద్దున్నే తలుచుకుని దణ్ణం పెట్టింది? అందరికీ సమంగా పోయలేదా మరి? ఒక్కొక్కరికి ఒక్కొక్క వేడి పోసి పంపితే, ఎవరికెంత పోశాడో రాసిన పుస్తకం ఆయన దగ్గరే పెట్టుకుంటే, కింద ఉన్నవాళ్ళకు తెలిసేదెలా? గోడ గడియారం ఇంకా పావుగంట ఉందంటోంది, వాచీ పంతొమ్మిది నిమిషాలంటోంది. ఎదురుగా గది తలుపు తెరుచుకుంది, ఎవరో ముసలాయన బయటికొచ్చాడు, తలుపు మళ్ళీ మూసుకుంది. పిల్ల పట్టీ కింద ఏముంది? ఒకవేళ పెద్ద రోగమే అయితే? పెద్ద పెద్ద పేర్లున్న రోగం, నోటితో అనకూడనిది? కాదు, అసలు జ్వరం లేదు కదా, ఉంటే కదా ఏదైనా ఉండేది, ఉడత ఒళ్ళే వేరేమో, గీతలమ్మలా కాదు, పుట్టడమే ఎనిమిదీ ఆరుతో పుట్టిందేమో, ఎవరు చూశారు, బాగున్నప్పుడు ఎవరూ చూడలేదు, ఒక్కసారైనా ఎవరూ... చూశారు. తనే చూసింది. లెక్కల పరీక్ష నాడు. వేణ్ణీళ్ళ గ్లాసు లాగి పక్కన పెట్టి, విదిలించి, మళ్ళీ పెట్టి, కాపలా కూర్చుని, ఐదు నిమిషాలు. తన గొంతు తనకే వినిపిస్తోంది, వీధి చివరిదాకా వినపడేలా, "తొంభై ఏడు పాయింట్ మూడు! ఏడూ మూడు పెట్టుకుని నాటకాలాడుతున్నావా దొంగా!" ఏడూ మూడు. ఏ రోగమూ లేని పిల్ల, పరీక్ష ఎగ్గొట్టడానికి గ్లాసులో ముంచేంత ఆరోగ్యంగా ఉన్న పిల్ల, ఏడూ మూడు. ఏడూ మూడు నుంచి ఎనిమిదీ ఎనిమిదికి ఒకటిన్నర. ఇరవై రోజులుగా ఒకటికి పైనే. పిల్ల అబద్ధమాడిన రోజే పిల్ల నిజం తన చేతిలో పెట్టింది. థర్మామీటరు అబద్ధమాడలేదు, పెద్దమ్మ ఆడలేదు, అత్తగారి చెయ్యి ఆడలేదు, ఉడత ఆడలేదు. అందరినీ ముంచి తీసింది గానీ ఆ ఎర్ర గీతను ఒక్కసారి ముంచి చూడలేదు. అది తొట్టిలో మునగదు మరి. అత్తగారి వైపు చూసింది. అత్తగారు కళ్ళు తెరిచే ఉంది, ఎప్పటి నుంచి చూస్తోందో. "అత్తయ్యా, దీనికి బాగున్నప్పుడు ఏడూ మూడండీ" అంది. అంకెలు అత్తగారికి పట్టవు. మనవరాలి నుదుటి మీది చెయ్యి కాస్త పక్కకు జరిపి, "నువ్వూ వేసి చూడు అమ్మాయ్, చోటుంది" అంది. వేసింది. ఏం తెలియలేదు. పన్నెండేళ్ళు గాజు పట్టుకున్న చెయ్యి, దానికి ఏం తెలుస్తుంది? అయినా తీయలేదు. కాసేపటికి వెచ్చగా ఉన్నట్టే అనిపించింది, తన ఊహేమో అనుకుంది, ఊహ కాదనుకుంది.

పేరు పిలిచారు. లోపల డాక్టరమ్మ కాగితం చూసి, వాళ్ళ మొహాలు చూసి, ముందు కుర్చీ చూపించింది. కుర్చీ చూపిస్తే చెడ్డ కబురే అని ఆమెకు అనుమానం. గ్రంథికి పట్టిన క్షయ అంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఇంట్లో ఎవరికీ దీని నుంచి అంటదు, బడికీ వెళ్ళొచ్చు, ఆరు నెలలు మాత్రం ఒక్క పూట మానకుండా మందు మింగాలి, మింగితే పోతుంది అంది. "పోతుందా?" "పోతుందమ్మా." "ఖాయంగానా?" "మానకపోతే ఖాయంగా." ఆ 'మానకపోతే' దగ్గర కాస్త ఆగి, ఇదొక్కటి నమ్ముదామనుకుంది. లేస్తూ, నిరుడు ఏడూ మూడు ఉండేదండీ, అంది. డాక్టరమ్మ తల ఎత్తి, "ఎక్కడ రాశారు?" అంది. రాయలేదండీ, అరిచాను, అంది.

మందుల కిటికీ దగ్గర వరస ఉంది. అత్తగారు చీటీ పట్టుకుని నిలబడింది. ఉడత బెంచీ మీద కాళ్ళు ఊపుతూ, తల్లి సంచి వైపు ఓరగా చూస్తోంది, లోపల ఏముందో తెలిసినదానిలా. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. తేదీ వేసింది. టైము వేసింది, తన వాచీది. మూడో గడి దగ్గర కలం ఆపి, "నీకిప్పుడు ఎలా ఉందే?" అంది.

ఉడత అనుమానంగా చూసింది. అచ్చం తన చూపే.

"థర్మామీటరు తేలేదా?"

"తెచ్చాను."

"మరి పెట్టవా?"

"నువ్వు చెప్పు."

"చెబితే అబద్ధమంటావు."

"అనను."

కాళ్ళు ఊపడం ఆగింది. పిల్ల కళ్ళు మూసుకుని, తన ఒంట్లోకి తనే చూసుకుంటున్నట్టు కాసేపు కూర్చుని, "కొంచెం వెచ్చగా ఉంది. నిన్నటంత కాదు" అంది. ఆమె మూడో గడిలో, ఇన్నాళ్ళూ అంకెలు తప్ప ఎక్కని చోట, వెచ్చగా ఉంది అని రాసింది. ఉడత మెడ చాచి, చూపించు అని పుస్తకం లాక్కుని, నిజంగానే రాసిందో లేదో వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. మొహం చిట్లించింది.

"కొంచెం అన్నాను. నువ్వు కొంచెం రాయలేదు."

ఆమె పుస్తకం వెనక్కి తీసుకుని, గీతకీ అక్షరానికీ మధ్య మిగిలిన రవ్వంత చోటు చూసుకుని, కొంచెం అని ఇరికించింది.